వంక ఒడ్డున ఏడు తాబేళ్లు

మా బావ నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. నేను చెప్పిన జవాబు కూడా ఒక్క మాటే. "ఉండొచ్చు" అన్నాను. తరగతిలో పిల్లవాడు ఎవడైనా అలా తెలిసీ తెలియని జవాబు చెబితే బెంచీ ఎక్కిస్తాను. నాకు కోపం ఎక్కువని కాలేజీ అంతటా పేరు. ఆ రోజు నన్ను బెంచీ ఎక్కించేవాళ్లు ఎవరూ లేకపోయారు.

నేను కళ్యాణదుర్గంలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. మా అక్కావాళ్లది విడపనకల్లు అవతల, దుకాణాల బోర్డులు తెలుగు నుంచి కన్నడంలోకి మారిపోయే చోటు. ఐదెకరాల నల్లరేగడి. రెండెకరాల్లో చీనీ చెట్లు, అంటే బత్తాయి, మిగతా దాంట్లో పప్పుశనగ. చేను పక్కనే ఒక వంక. వానాకాలంలో నాలుగు రోజులు పారుతుంది, మిగతా ఏడాదంతా మేకలు నడిచే దారి.

ఆ చీనీ చెట్ల కోసం బావ వేసిన బోర్లు ఎన్నని ఎవరైనా అడిగితే ఆయన వేళ్లు చూసుకుంటాడు, అక్క లేచి లోపలికి పోతుంది. చివరి బోరులోనూ దుమ్మే వచ్చినప్పుడు అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇక బోరు జోలికి పోనని దేవుడి పటం ముందు బావ చేత ఒట్టు వేయించుకున్నాకే తిన్నది. ఆ తర్వాత ఇల్లు నడిపింది రెండు గేదెలు. మా వైపు ఎనుములంటాం. ఒకటి పాలిచ్చేది, దాని వెనక రెండు నెలల దూడ. రెండోది చూడిది, ఇంకో నెలలో ఈనాలి. పొద్దునా సాయంత్రం క్యాన్లో పాలు పోసుకొని కేంద్రానికి మోసేది అక్కే. ఆ రెండూ లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి మీదికి ఏమి ఎక్కుతుందో నాకు తెలుసు. తెలిసీ చేశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

బోరు మానేసిన బావ వాననీళ్లు పట్టుకుందామని వంక పక్కన కుంట తవ్వించడం మొదలుపెట్టాడు. జేసీబీ రెండు నిలువుల లోతుకు దిగాక, బూడిద రంగు బంకమన్నులో ఏదో పెంకు తగిలింది. పాత కుండ అనుకున్నారంట. తీరా బోర్లించిన పళ్లెంలా ఉందని బావ ఫోటో తీసి నాకు పంపించాడు. "సారూ, ఇదేమి?" అని కింద రాశాడు. నేను రెండు బస్సులు మారి, మిగతా దారి షేరాటోలో వేలాడుతూ మధ్యాహ్నానికల్లా ఆ గుంతలో దిగాను. అది ఆదివారం.

చూడగానే తెలిసింది. తాబేలు పైచిప్ప. రాయిగా మారీ మారని ఎముక, గోటితో తడితే కణేల్ మంటోంది. ఎన్ని వేల ఏళ్లదో చెప్పే విద్య నా దగ్గర లేదు. కానీ ఏ జాతో చెప్పగలను. మా గుట్టల్లో తిరిగే నక్షత్ర తాబేలుది గుమ్మటం లాంటి వీపు, దాని మీద పొలుసుల గీతలు పడి ఉంటాయి. ఇది చదునుగా ఉంది. పైన సజ్జరొట్టె మీద నువ్వులద్దినట్టు సన్నటి బొడిపెలు. మెత్తటి తోలు కప్పుకొని నీళ్లలో బతికే బురదతాబేలు ఇది. మొదటిది మెట్ట జీవి, రెండోది మడుగు జీవి. ఏది దొరికిందనే దాన్ని బట్టి ఆ నేల ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పొచ్చు. చిప్ప చుట్టూ బంకమన్నులో వడ్లగింజంత నత్తగుల్లలు కూడా ఉన్నాయి. అవీ నీటి నత్తలే.

ఊరి జనం పది మంది గట్టు మీద నిలబడి చూస్తున్నారు. నాకు పాఠం పట్టుకుంది. ఇక్కడ ఒకప్పుడు మడుగుండేదని, ఏడాదిలో చాలా నెలలు నీళ్లు నిలిచేవని, తుంగ పెరిగి ఉంటుందని, కొంగలు వాలి ఉంటాయని చేతులు తిప్పుతూ చెప్పాను. మేకల దారిగా మారిన ఆ వంక వైపు అందరూ తిరిగి చూశారు. నాకు చాలా గొప్పగా అనిపించింది.

అప్పుడు బావ అడిగాడు. "మడుగుండిన చోట ఊట ఉండదాప్పా? కింద నీళ్లుండవా?"

తెలియదు అని చెప్పాలి. కానీ జేసీబీ డ్రైవరు బండి మీద కూర్చొని ఎప్పుడు మొదలుపెట్టమంటారా అని చూస్తున్నాడు. అతను ఇంకో గంట తవ్వితే ఆ పొర మొత్తం మట్టికుప్పలో కలిసిపోతుంది. బావ మనసు ఇంకో వైపు మళ్లితే కుంట పని ఆగుతుంది. అందుకే ఉండొచ్చు అన్నాను. జేసీబీ ఆ సాయంత్రమే వెళ్లిపోయింది.

యూనివర్సిటీలో నాకు తెలిసినాయన ఒకరున్నారు. ఫోటోలు పంపితే ఫోన్ చేశారు. ఒక్క చిప్పతో ఏమీ తేలదని, పక్కన ఇంకా ఉన్నాయేమో చూడమని, దొరికితే కదపవద్దని చెప్పారు. ఎముక కన్నా అది పడి ఉన్న తీరే ఎక్కువ చెబుతుందని ఆయన మాట. ఆ వారమంతా పాఠం చెబుతున్నానన్న మాటే గానీ నా మనసు గుంతలోనే ఉంది.

శనివారం సెలవు పెట్టి వెళ్లాను. స్క్రూడ్రైవరు, పెయింటు బ్రష్షు, పాత పళ్ల బ్రష్షు, ఎముక చిట్లకుండా పూయడానికి ఒక సీసాలో పలచటి బంకనీళ్లు, తడిపి కప్పడానికి గోనెసంచులు. ఎండ నడినెత్తికి వచ్చేలోగా రెండోది బయటపడింది. దానికి జానెడు దూరంలో మూడోది. అప్పుడే నా చేతులు నెమ్మదించాయి.

మూడూ ఒకే మట్టంలో ఉన్నాయి. మూడూ వీపు పైకే ఉన్నాయి. చచ్చిన తాబేలు వరదకు కొట్టుకొస్తే తిరగబడుతుంది, చిప్ప ఒకచోట, కాలు ఒకచోట చెదిరిపోతుంది. వీటి కాళ్ల ఎముకలు చిప్ప కిందికే ముడుచుకొని ఉన్నాయి. ఒకదాని తల ఎముక కూడా లోపలికి లాక్కున్నట్టే ఉంది. బంకమన్నులో పైనుంచి కిందికి దిగిన నెర్రెలున్నాయి, వాటి నిండా గాలి మోసుకొచ్చిన సన్నటి ఇసుక. ఇక చదవడానికేముంది? మడుగు ఎండింది. నీళ్లు తగ్గే కొద్దీ ఇవి చివరి బురదలోకి చేరాయి. బురదతాబేలు చేసేదే అది, మట్టిలోకి దూరి, కాళ్లు ముడుచుకొని, ఆకలి దప్పులు చంపుకొని వాన కోసం కాచుకుంటుంది. నెలల తరబడి కాచుకోగలదు. వీటికి ఆ వాన రాలేదు. వాటి పైన నేల నెర్రెలిచ్చింది, నెర్రెల్లో ఇసుక పడింది.

ముందు నాకు సంతోషం కలిగింది. దాన్ని దాచను. మా నేల కరువును వేల ఏళ్ల కింద తన ఒంటితో రాసిపెట్టిన సాక్షి నా మోకాళ్ల ముందు ఉంది. ఆ సంతోషం వెనకే భయం వచ్చింది. ఆ మడుగు ఊట నీళ్లది కాదు, వాననీళ్లది. బంకమన్ను నీటిని కిందికి ఇంకనివ్వలేదు కాబట్టే అది మడుగైంది. ఐదొందల అడుగుల కింద రాతిలో ఏముందో ఈ తాబేలుకు తెలియదు, నాకూ తెలియదు. నా "ఉండొచ్చు"కు అడుగు లేదు.

గుంత లోంచి పైకి వచ్చేసరికి అక్క పాలక్యాను కడుక్కుంటూ కొట్టం ముందు కూర్చుంది. బావ లేడు.

"రేపు పొద్దున్నే బోరు బండి వస్తాది" అంది తలెత్తకుండా. "ఎనుములు అమ్మేకి మాట్లాడినాడు. ముందు పాలెనుము. దాంతో వేసే లోతుకు నీళ్లు పడకపోతే రెండోదీ ఇచ్చి ఇంగా దిగుతాడంట."

"నువ్వు ఒప్పుకున్నావా?"

"వద్దంటి. నీళ్ల పాయింటు చెప్పేటాయన టెంకాయ పెట్టి చెప్పినా వద్దంటి. నీ తమ్ముడే ఉండాయన్నాడు అనె మీ బావ. అప్పుడు ఒప్పుకుంటి." క్యాను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "నువ్వు చదువుకున్నోడివి. ఈ మనిషి మాట మింద కాదు, నీ మాట మింద ఇస్తాండా. చెప్పు. నీళ్లుండాయా?"

మూడు బయటపడ్డాయి. నాలుగోదాని అంచు కనిపిస్తోంది. లేవు అంటే బోరు బండి రాదు. బోరు బండి రాకపోతే బావ ఊరుకునే మనిషి కాదు, పొద్దున్నే జేసీబీ మళ్లీ వస్తుంది. నాకు కావలసింది ఒక్క రోజు, కేవలం ఒక్క రోజు. నోరు విప్పాను.

"ఆడ మడుగు ఉండిన మాట నిజమే అక్కా" అన్నాను.

అబద్ధం ఆడలేదు. ఇంతకన్నా పిరికిగా నిజం చెప్పిన మనిషిని నేను ఎరగను. అక్క తల ఊపి, క్యాను ఎత్తుకొని లోపలికి పోయింది. రాత్రి భోజనంలో నాకు గడ్డపెరుగు ఎక్కువ వేసింది.

ఆదివారం పొద్దున ఆరు కాకముందే గుంతలో దిగాను. కాసేపటికి కొట్టం వైపు నుంచి మాటలు వినిపించాయి, తర్వాత ఎనుము అరుపు, దాని వెనక దూడ అరుపు. పశువుల బేరగాడు తన తాడు కట్టి పాలెనుమునూ దూడనూ పట్టుకుపోతున్నాడు. నేను పైకెక్కి చూడలేదు. నాలుగోదాని చుట్టూ మన్ను తీస్తూనే ఉన్నాను. అరుపులు దూరమై ఆగిపోయేదాకా తల దించుకునే ఉన్నాను.

బోరు బండి గుంతకు ఇరవై అడుగుల్లో నిలబడింది. పాయింటు చెప్పే ఆయన వచ్చాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని గుంత అంచున నడిచాడు. ఒకచోట టెంకాయ లేచి నిలబడింది. "సూడండప్పా, తాబేలు పడుకున్నాది గదా, గంగమ్మ యాడికి పోతాది!" అన్నాడు. బండికి పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తీలు వెలిగించి, అదే టెంకాయ కొట్టారు. బావ రెండు ముక్కలూ పైకెత్తి గుంతలో ఉన్న నాకు చూపించి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు గానీ, మొహం మీదికి నవ్వు లాంటిదేదో తెచ్చుకున్నాను.

ఇంజను మొదలైంది. నేల అదరడం మోకాళ్లకు తెలుస్తోంది. మొదటి రాడ్డుకే నల్లమట్టి, తర్వాత సుద్ద, తర్వాత బూడిద రంగు మన్ను ఎగిరి వచ్చాయి. నేను బ్రష్షుతో గంటల తరబడి గీకుతున్న పొరను అది రెండు నిమిషాల్లో దాటేసింది. దాని కింద రాయి తగిలింది. తెల్లటి దుమ్ము గుంత మీదికి దిగింది. చిప్పల మీద తడిగోనెలు కప్పి, ఒక్కొక్కటే తీస్తూ పని చేశాను. రాడ్డు దిగినప్పుడల్లా బోరు బండి మేస్త్రీ అడుగుల లెక్క అరుస్తాడు. వంద. నూటిరవై. నూటనలభై. ప్రతి లెక్కకూ నా చేయి ఆగేది.

మూడొందలు దాటాక దుమ్ము రంగు మారింది. బావ గుప్పెట్లోకి తీసుకొని పిసికి, "చెమ్మ! చెమ్మ ఉండాది!" అని అరిచాడు. జనం ముందుకు తోసుకొచ్చారు. నీళ్లు పడితే నా మాట నిలబడుతుంది, నేను నిన్న దాచిందీ ఎవరికీ తెలియదు. నీళ్లు పడాలని ఆ క్షణంలో నేను మొక్కుకున్నంతగా బావ కూడా మొక్కుకొని ఉండడు. తర్వాతి రెండు రాడ్లకు చెమ్మ పోయింది. ఎండుదుమ్ము, మళ్లీ ఎండుదుమ్ము.

పన్నెండు గంటలకు ఒప్పుకున్న లోతు అయిపోయింది. ఇంజను ఆపారు. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో చెవులు గింగురుమన్నాయి. బేరగాడు చూడెనుము కోసం తిరిగొచ్చి తాడు చేత్తో పట్టుకొని చీనీ చెట్టు కింద కూర్చున్నాడు. మేస్త్రీ నీళ్లు తాగుతూ ఎదురుచూస్తున్నాడు. ఇంకా దింపాలా, రాడ్లు పైకి లాగాలా అనేది బావ చెప్పాలి. బావ అక్క వైపు చూశాడు. అక్క గుంతలోకి దిగింది.

ఆమె భుజం మీద పలుపు ఉంది. పశువును అమ్మినా దాన్ని కట్టిన పలుపు మాత్రం ఇవ్వరు మా వైపు, కొట్టం కళ తప్పుతుందని. పొద్దున పాలెనుము మెడ నుంచి తీసినది. అప్పటినుంచీ దాన్ని ఎక్కడా పెట్టకుండా భుజానే మోస్తోంది.

"సూపీ" అంది. "వీటి కోసం గదా ఇదంతా."

నేను గోనెలు తీశాను. ఏడు. రెండు బారల నేలలో ఏడు తాబేళ్లు, వీపులు పైకి పెట్టుకొని, ఒకదానికొకటి ఆనుకొని. అక్క గొంతుక్కూర్చుంది. చిప్పల మీద చేయి పెట్టలేదు. వాటి కింద ముడుచుకున్న ఎముకల్ని చూసింది. నెర్రెల్లోని ఇసుకను వేలితో రాల్చి చూసింది. ఆమె ఏడో తరగతితో చదువు మానేసిన మనిషి. చెరువులు ఎండినప్పుడు బురద తవ్వి పూడిక మోసిన మనిషి కూడా.

"ఇవి వరదకు వచ్చినవి కాదు" అంది నెమ్మదిగా. "చెరువు ఎండితే ఇట్లనే దూరుకుంటాయి. పూడిక తీసేటప్పుడు పారకు తగిలేవి. ప్రాణంతోనే ఉండేవి." వేలికంటిన ఇసుకను చీరకు తుడుచుకుంది. "ఇవి వాన కోసం కాచుకోని కాచుకోని సచ్చినాయి. అవునా?"

"అవునక్కా."

"అంటే ఈడ నీళ్లుండిన గుర్తు కాదు ఇది. నీళ్లు అయిపోయిన గుర్తు."

నేను యూనివర్సిటీ ఆయనకు పేజీలకు పేజీలు రాద్దామనుకున్నది ఆమె ఒక్క మాటలో చెప్పింది. అవునన్నాను.

అక్క లేచి నిలబడి, గుంతలోంచే పైకి అరిచింది. "రాడ్లు లాగేయమను! ఇంగ ఒక్క అడుగు వేసేది లేదు. ఆయప్పను తాడు చుట్టుకొని పొమ్మను, సూడెనుమును ఇచ్చేది లేదు!"

బావ గుంత అంచుకొచ్చాడు. మొహమంతా తెల్లదుమ్ము, కళ్లు మాత్రమే ఎర్రగా కనిపిస్తున్నాయి. "ఇంగ వందడుగులు మే, వందే! చెమ్మ కనపడె గదా! నీ తమ్ముడే చెప్పినాడు గదా!"

"వాణ్నే అడుగు" అంది అక్క.

అందరూ నా వైపు చూశారు. "లేవు బావా" అన్నాను. "ఆ మడుగు వాననీళ్లది. కింద నీళ్లుండాయని ఇవి చెప్పవు. నేను ఉండొచ్చన్నది తప్పు."

బావ నన్ను తిట్టలేదు. తిడతాడని భుజాలు బిగబట్టుకొని ఉన్నాను. ఆయన అక్కడే గట్టు మీద కూలబడి, చేతిలో ఉన్న ఎండుదుమ్మును కొంచెం కొంచెంగా కింద పోసుకుంటూ కూర్చున్నాడు. వెనక రాడ్లు ఒక్కొక్కటే పైకి వస్తున్న చప్పుడు. బేరగాడు లేచి వెళ్లిపోయాడు. చూడి ఎనుము మిగిలింది. పాలెనుమూ, దూడా పోయాయి. అవి తిరిగి రావు.

అక్క గుంత ఎక్కబోయి ఆగింది. నా వైపు తిరగకుండా అడిగింది.

"నీకెప్పుడు తెలిసె?"

ఇప్పుడే అనొచ్చు. ఏడూ బయటపడ్డాకే తెలిసిందంటే నమ్ముతుంది. ఎవరూ కాదనలేరు. ఆ మాట నాలిక మీదికి వచ్చి కూర్చుంది కూడా. ఆమె భుజం మీది పలుపు చూశాను.

"నిన్న."

"నిన్న ఎప్పుడు?"

"మధ్యాహ్నం. నువ్వు అడగక ముందే."

ఒక రాడ్డు పైకి వచ్చి దబ్బున పడింది. తర్వాత ఇంకొకటి.

"పొద్దున దాన్ని పట్టుకపోయేటప్పుడు అంత అరిచె" అంది. "నువ్వు ఈడనే ఉంటివి గదా?"

"ఉంటి" అన్నాను.